ఈఏపీసెట్‌కి ఏ గైడ్ కొనాలి? ఇంట్లో ఇప్పటికే పద్నాలుగు పుస్తకాలున్నాయి

సూర్యాపేట_అక్క:

అందరికీ నమస్తే. మా తమ్ముడు సూర్యాపేట దగ్గర గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో ఎంపీసీ సెకండియర్, తెలుగు మీడియం. ఫస్టియర్ మార్కులు పర్లేదు, మరీ టాపర్ కాదు, మరీ వెనకబడ్డోడూ కాదు. వచ్చే మేలో ఇంజనీరింగ్ సీటు కోసం ఈఏపీసెట్ ఎంట్రన్స్ రాయాలి. మా ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వెళ్లినవాళ్లు ఎవరూ లేరు, నేను బీకాం చేసి హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేసుకుంటున్నా. అందుకే ఇక్కడ అడుగుతున్నా, మరీ తెలివితక్కువ ప్రశ్న అనిపిస్తే ఏమీ అనుకోకండి.

సంగతేంటంటే దసరాకి ఊరెళ్తే వాడి మంచం పక్కన పుస్తకాల గుట్ట కనిపించింది. లెక్కపెడితే పద్నాలుగు. మా బాబాయి ఆఫీసులో ఎవరిదో అబ్బాయి కార్పొరేట్ కాలేజీలో చదివి వదిలేసిన జేఈఈ (ఐఐటీ లాంటి కాలేజీల ఎంట్రన్స్) మెటీరియల్ అట, మ్యాథ్స్ ఆరు, ఫిజిక్స్ నాలుగు, కెమిస్ట్రీ నాలుగు, అన్నీ ఇంగ్లిషే, ఒక్కోటి ఇటుకంత ఉంది. "ఇవి చదివితే చాలు సీటు గ్యారంటీ" అని బాబాయి చెప్పి వెళ్లాడట. వాడేమో నెల రోజులుగా వాటిని చూస్తూ కూర్చున్నాడు తప్ప తెరవలేదు. అడిగితే "ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదక్కా" అంటాడు. నేను తిరగేసి చూశా. పాత ఓనరు పెన్సిల్ గీతలు ప్రతి పుస్తకంలోనూ మొదటి రెండు చాప్టర్లలోనే ఉన్నాయి, ఆ తర్వాత పేజీలన్నీ కొత్త నోట్లలా ఫెళఫెళలాడుతున్నాయి!

ఇప్పుడు వాడి ఫ్రెండ్సు ఇంకేదో బిట్ బ్యాంక్ కొన్నారని వాడికీ అదే కావాలట. యూట్యూబ్‌లో ఒకాయన ముప్పై రోజుల్లో 120 మార్కులు తెప్పిస్తానంటున్నాడు, దానికి వేరే మెటీరియల్. కోచింగ్‌కి పంపే స్థోమత లేదు. పుస్తకాలకి మాత్రం రెండు వేలు పక్కన పెట్టా, తప్పదంటే ఇంకో వెయ్యి. ఏం కొనాలి, ఏ వరసలో చదవాలి? తెలుగు మీడియం వాడికి ఇంగ్లిష్ పుస్తకాలు పనికొస్తాయా? ఇలాంటి పరిస్థితిలో చదివి గట్టెక్కినవాళ్లు ఎవరైనా చెప్తే బాగుంటుంది.


రెండో_బెంచీ:

అక్కా, ముందు ఆ పద్నాలుగూ మూటగట్టి అటక మీద పెట్టించు. కోపంతో చెప్పట్లేదు, నేనూ అదే తప్పు చేశా కాబట్టి చెప్తున్నా. నేను ఇప్పుడు బీటెక్ సెకండియర్.

జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకి 75 ప్రశ్నలు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్‌లో అదే మూడు గంటలకి 160, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో బిట్‌కి 67 సెకన్లు వస్తాయి, అంతే. మెయిన్‌లో తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది, ఇక్కడ నెగెటివ్ మార్కులే లేవు. అంటే రెండూ రెండు వేరే ఆటలు. ఆ మెటీరియల్‌లో ఒక్కో లెక్క మూడు కాన్సెప్టులు కలిపి పది నిమిషాలు తినేలా ఉంటుంది. మీ తమ్ముడు దానితో కుస్తీ పట్టి రోజుకి ఐదు లెక్కలు చేసి, రాలేదని ఏడ్చి పడుకుంటాడు, ఆ ఐదూ ఈ పరీక్షలో అడగరు.

నేను చదివిన హాస్టల్ కాలేజీలో (పేరు వద్దులే) మాకు వాళ్ల మెటీరియల్ ఉండేది, అది చాలదన్నట్టు నేను బయట ఇంకో ఐదు గైడ్లు కొన్నా. ఒక్కటీ సగం దాటలేదు. కొత్త గైడ్ కొన్న రోజు ఏదో చదివేసినంత తృప్తిగా ఉంటుంది చూడు, అదే పెద్ద మోసం. చివరికి ఇంటర్ పరీక్షలయ్యాక మిగిలిన రోజుల్లో పాత పేపర్లు మాత్రమే పట్టుకున్నా, నాకు వచ్చిన ర్యాంకు వాటి పుణ్యమే.

పాత పేపర్లు ఎక్కడా కొనక్కర్లేదు. 2018 నుంచి పరీక్ష కంప్యూటర్ మీద పెడుతున్నారు, రోజుకి రెండు పూటల చొప్పున కొన్ని రోజులు జరుగుతుంది కాబట్టి ఒక్కో ఏడాదికే నాలుగైదు పేపర్లు దొరుకుతాయి. ప్రిలిమినరీ కీ (మొదట పెట్టే జవాబుల పట్టిక)తో సహా అధికారిక వెబ్‌సైట్‌లో పెడతారు. ఆంధ్రా పాత పేపర్లు కూడా దించుకో, ప్యాటర్న్ ఒకటే, తెలుగు అకాడమీ పుస్తకాల సిలబస్సే కాబట్టి పనికొస్తాయి. ఫోన్‌లో చూసి చెయ్యొద్దని చెప్పు, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి కుట్టించి ఇవ్వు. రెండు వేలలో సగం దానికే పెట్టు.

వరస నేను పాటించింది చెప్తా. స్క్రీన్ మీద మొదట మ్యాథ్సే వస్తుంది, అందరూ అక్కడే మొదలుపెట్టి గంటన్నరకి బుర్ర వేడెక్కి కూర్చుంటారు. నేను నేరుగా కెమిస్ట్రీకి వెళ్లేవాణ్ణి, 40 బిట్లు ముప్పై నిమిషాల్లో. తర్వాత ఫిజిక్స్ నలభై ఐదు నిమిషాలు. మిగతా గంటా నలభై నిమిషాలు మ్యాథ్స్, చివరి ఐదు నిమిషాలు ఖాళీగా వదిలినవన్నీ ఏదో ఒక ఆప్షన్‌తో నింపడానికి. ఒక్క బిట్ కూడా ఖాళీగా వదిలి లేవకూడదు, ఇది గోడ మీద రాయించు.


మ్యాథ్స్_మాస్టారు:

అమ్మా, నేను ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గణితం చెప్తున్నాను. పై అబ్బాయి చెప్పిన దాంట్లో ముప్పాతిక భాగం నిజమే. ఒక ముఖ్యమైన సంగతి మాత్రం చేరుస్తాను.

మీ వాడికి ప్రభుత్వ కాలేజీలో తెలుగు అకాడమీ పుస్తకాలు ఉచితంగా ఇచ్చి ఉంటారు. అవి ఎక్కడున్నాయో ముందు వెతకండి. పిల్లలు వాటిని ఐపీఈ (ఇంటర్ పబ్లిక్ పరీక్షల) పుస్తకాలు అని పక్కన పడేసి, ఎంట్రన్స్‌కి వేరే పుస్తకం కావాలనుకుంటారు. ఈఏపీసెట్ సిలబస్ అంటే మన ఇంటర్ రెండేళ్ల సిలబస్సే, ఇంకోటి కాదు. జేఈఈ మెటీరియల్‌తో అసలు చిక్కు కష్టం ఒక్కటే కాదు, అందులో మనకి కావలసినవి కొన్ని ఉండవు, ఉన్నా పైపైన ఉంటాయి. సరళరేఖాయుగ్మాలు, అక్ష పరివర్తనం, వృత్త సరణులు, పాక్షిక భిన్నాలు, త్రిభుజ ధర్మాలు, అతిపరావలయ ప్రమేయాలు, ఇవన్నీ మన పుస్తకంలో వేరే అధ్యాయాలు. ఎన్‌సీఈఆర్‌టీ (సీబీఎస్‌ఈ స్కూళ్ల) పుస్తకాల మీద నడిచే మెటీరియల్‌లో వీటికి చోటు తక్కువ. జేఈఈకే చదివిన మంచి పిల్లలు కూడా ఈ బిట్ల దగ్గర తడబడటం ఏటా చూస్తున్నాను. నిజానికి ఇవే తేలిక మార్కులు. మూలబిందువు గుండా పోయే సరళరేఖాయుగ్మం సమీకరణం ఇచ్చి, రెండు రేఖలూ లంబంగా ఉండాలంటే తెలియని గుణకం ఎంత అని అడుగుతారు. ఎక్స్ స్క్వేర్ గుణకం, వై స్క్వేర్ గుణకం కలిపితే సున్నా రావాలి. ఒకటి 3 అయితే రెండోది మైనస్ 3. పెన్ను కూడా కదపక్కర్లేదు. ఆ అధ్యాయం చదవని వాడు మాత్రం రెండు రేఖలూ విడదీయడానికి కూర్చుంటాడు.

గైడ్ ఒకటి కావాలి, కాదనను. కొనేముందు మీ తమ్ముణ్ణే షాపుకి తీసుకెళ్లండి. వాడికి బాగా వచ్చిన ఒక అధ్యాయం తెరిచి, పది బిట్ల సాధనలు చదవమనండి. చదివి వాడికి అర్థమైతే కొనండి. కింద కీ మాత్రమే వేసి, ఒకటి బి, రెండు డి అని వదిలేసిన పుస్తకం ఎంత లావున్నా వద్దు. వాడికి వచ్చిన అధ్యాయంలోనే రెండు మూడు తప్పులు కనపడితే, రాని అధ్యాయంలో ఎన్ని ఉన్నాయో మనకి తెలియదు కదా. ఏడో బిట్ సాధన ఎనిమిదో బిట్ కింద అచ్చయిన పుస్తకాలు నా చేతిలోనే ఉన్నాయి! అధ్యాయాలవారీగా పాత ప్రశ్నలు విడగొట్టి ఇచ్చినది దొరికితే మంచిది. ఒక్కో సబ్జెక్టుకి ఒకటే, రెండోది వద్దు.

తెలుగు మీడియం గురించి భయం అక్కర్లేదు. స్క్రీన్ మీద ప్రశ్న ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ వస్తుంది. అయితే అనువాదంలో ఏదైనా తేడా ఉంటే ఇంగ్లిష్ పాఠమే ప్రమాణం, పైగా రేపు బీటెక్‌లో అంతా ఇంగ్లిషే. అందుకని ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని, పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమ పక్క త్వరణం, జడత్వం, మాత్రిక, సదిశ అని రాసి కుడి పక్క యాక్సిలరేషన్, ఇనర్షియా, మ్యాట్రిక్స్, వెక్టార్ అని రాసుకోమనండి. రోజూ చదివే పాఠంలో వచ్చిన మాటలే, విడిగా బట్టీ పట్టక్కర్లేదు. మా పిల్లలకి రెండు నెలల్లో ఆ పుస్తకం అవసరం తీరిపోతుంది.


గుంటూరు_నాన్న:

తల్లీ, మాది గుంటూరు. ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్తాను. ఎంట్రన్స్ ఎంట్రన్స్ అని ఇంటర్ మార్కులు వదిలెయ్యకండి. మా అమ్మాయి 2023లో రాసింది. కరోనా తర్వాత ఇంటర్ వెయిటేజీ (ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులు కలపడం) లేదు కదా అన్న ధీమాతో ఐపీఈని తేలిగ్గా తీసుకుంది, తీరా ఆ ఏడాదే మా దగ్గర 25 శాతం వెయిటేజీ మళ్లీ పెట్టారు. లెక్క కాగితం మీద వేసి చూస్తేగానీ నాకూ అర్థం కాలేదు. గ్రూపు సబ్జెక్టులకి (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) 600 మార్కులు, వాటికి 25 పాయింట్లు. అంటే ఇంటర్‌లో 24 మార్కులు పోతే కలిపిన స్కోరులో ఒక పాయింటు పోయినట్టు. ఈఏపీసెట్‌లో 160 మార్కులకి 75 పాయింట్లు, అంటే ఒక్కో బిట్ అర పాయింటు కూడా చెయ్యదు. మా పిల్ల రావాల్సిన దానికన్నా అరవై మార్కులు తక్కువ తెచ్చుకుంది, రెండున్నర పాయింట్లు, ఐదు బిట్లకి పైనే. ర్యాంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునే చోట ఐదు బిట్లంటే వేల ర్యాంకుల తేడా. సిఎస్‌ఇ (కంప్యూటర్ సైన్స్) అనుకున్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది. పిల్ల ఇప్పుడు సంతోషంగానే ఉందిలెండి, నాకే మనసులో ఉండిపోయింది.

కాబట్టి అకాడమీ పుస్తకం ఎటూ చదవాలి, రెండిందాలా పనికొస్తుంది.


రెండో_బెంచీ:

అంకుల్, మీరు చెప్పింది ఏపీకి కరెక్ట్. వీళ్లది సూర్యాపేట, తెలంగాణలో ఆ వెయిటేజీని 2023 నుంచే తీసేశారు, ర్యాంకు మొత్తం ఎంట్రన్స్ మార్కుల మీదే. కాకపోతే గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 40 శాతం ఉండాలి, లేకపోతే ర్యాంకు వచ్చినా సీటుకి అర్హత ఉండదు. అక్కా, ఒకే పేరున్న రెండు పరీక్షలు కాబట్టి యూట్యూబ్‌లో చూసే ప్రతిదీ ఏ రాష్ట్రానిదో, ఏ ఏడాదిదో చూసుకుని నమ్ము. మా బ్యాచ్‌లో ఒకడు వేరే రాష్ట్రం రూల్స్ వీడియో చూసి వారం రోజులు టెన్షన్ పడ్డాడు.


లాంగ్‌టర్మ్_లో_ఉన్నా:

అందరూ అకాడమీ అకాడమీ అంటున్నారు, నేను కొంచెం అడ్డంగా మాట్లాడతా. మ్యాథ్స్‌కి ఓకే. ఫిజిక్స్‌కి అకాడమీ పుస్తకం చదివి నేరుగా పరీక్షకి వెళ్తే ఏమవుతుందో నన్ను అడగండి, పోయినేడాది అదే చేశా. థియరీ అంతా వచ్చు, ఐపీఈలో డెరివేషన్లు దంచేశా, బిట్ చూడగానే చేతులాడలేదు. ఫిజిక్స్‌కి బిట్లు చెయ్యాల్సిందే, అది కూడా ఫార్ములాలో నంబర్లు పెట్టే రకం రోజుకి ముప్పై నలభై. అలాగని హెచ్.సి.వర్మ రెండు భాగాలూ కొని పెట్టకండి, పుస్తకం బంగారమే, కానీ మేలో పరీక్ష పెట్టుకుని ఇప్పుడు మొదలుపెట్టేవాడికి అందులో ఎక్సర్‌సైజులు పూర్తి చేసే టైం ఉండదు.

ఫిజిక్స్‌లో లెక్క చెయ్యకముందే ఆప్షన్లు చూడటం నేర్పించండి. మొన్న ప్రాక్టీస్ టెస్టులో త్వరణంతో పైకి వెళ్తున్న లిఫ్టులో లోలకం ఆవర్తన కాలం అడిగారు. జవాబు సెకన్లలో రావాలి, నాలుగు ఆప్షన్లలో రెండింటికి యూనిట్లే కుదరవు, అవి అవుట్. మిగిలిన రెండిట్లో ఒకదాని హారంలో జీ ప్లస్ ఏ, ఇంకోదాని హారంలో జీ మైనస్ ఏ (జీ అంటే గురుత్వ త్వరణం, ఏ అంటే లిఫ్టు త్వరణం). లిఫ్టు వేగం పెంచుకుంటూ పైకి లేస్తుంటే మన బరువు పెరిగినట్టు ఉంటుంది కదా, అంటే జీ పెరిగినట్టే, సో జీ ప్లస్ ఏ. పదిహేను సెకన్లు. ఇలాంటివి గైడ్‌లో షార్ట్‌కట్ అని బాక్సు కట్టి రాయరు, చేస్తూ పోతే వస్తాయి.

కెమిస్ట్రీకి ఏ గైడూ వద్దు. అకాడమీ కెమిస్ట్రీ చాలావరకు ఎన్‌సీఈఆర్‌టీ దారిలోనే ఉంటుంది, అందులో లైన్లే బిట్లుగా వస్తాయి, ముఖ్యంగా ఇనార్గానిక్. పెన్సిల్ పట్టుకుని లైన్ లైన్ చదివించండి, కనీసం మూడుసార్లు.

ఇక అసలు మాట. నా దగ్గర ఫోన్‌లో నాలుగు జీబీ పీడీఎఫ్‌లున్నాయి, గ్రూపుల్లో ఎవరు ఏం పెడితే అది దాచుకున్నా. ఒక్కటి కూడా పూర్తిగా చదవలేదు. ఈ ఏడాది పనికొచ్చింది ఒకే ఒక్క వస్తువు, నలభై రూపాయల లాంగ్ నోట్‌బుక్. ప్రతి టెస్టు తర్వాత తప్పయిన ప్రతి బిట్ అందులో రాసి, పక్కన ఎందుకు తప్పయిందో ఒక్క ముక్క రాస్తా. తెలియక, తొందరలో, లెక్క తప్పి. మొదటి నెల చూసుకుంటే నావి సగానికి సగం 'తొందరలో'. "సరికానిది ఏది" అంటే సరైనదాన్ని టిక్ చెయ్యడం! దానికి ఏ గైడ్ ఏం చేస్తుంది చెప్పండి?

వీడియోలు కావాలంటే డబ్బు పెట్టకండి. స్వయంప్రభ అనే ప్రభుత్వ చదువు చానెళ్లలో ఐఐటీ పాల్ అని ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలుంటాయి, ఐఐటీ కాన్పూర్ వాళ్ల సాథీ పోర్టల్ కూడా ఉచితమే. అవి జేఈఈ లాంటి జాతీయ పరీక్షల కోసం చేసినవి, కానీ ఫిజిక్స్‌లో ఒక టాపిక్ బొత్తిగా బుర్రకెక్కనప్పుడు ఆ ఒక్క పాఠం వరకు చూసి బయటికి వచ్చెయ్యాలి. అక్కడే ఉండిపోతే మళ్లీ కొత్త గైడ్ జబ్బే.


సూర్యాపేట_అక్క:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇన్ని జవాబులొస్తాయని అనుకోలేదు. రెండు వారాలు ఆగి రాస్తున్నా, ఎందుకంటే చేసి చూశాక చెప్దామని.

మాస్టారు గారూ, అకాడమీ పుస్తకాలు దొరికాయి. ఎక్కడో తెలుసా సార్, బియ్యం డబ్బా పక్కన ట్రంకు పెట్టెలో, రెండేళ్లవీ, అట్ట కూడా నలగలేదు. అమ్మ "కాలేజీ వాళ్లు ఇచ్చినవి, పాడైతే మళ్లీ అడుగుతారేమో" అని జాగ్రత్తగా దాచిందట! సెకండియర్ ఫిజిక్స్ ఒక్కటి కనపడలేదు, అది కోఠిలో పాతది తీసుకున్నా, అరవై రూపాయలు.

వాణ్ణి ఒక ఆదివారం హైదరాబాద్ పిలిపించి మీరు చెప్పినట్టే షాపుల చుట్టూ తిప్పా. వాడికి బాగా వచ్చిన మాత్రికలు తెరిచి చదవమన్నా. మొదటి పుస్తకంలో ఉత్త కీ. రెండోదాంట్లో సాధన ఉంది కానీ మూడు లైన్లు దాటేసి "కావున" అని రాసేశారట, వాడికి అర్థం కాలేదు. ఈ రెండోదే వాడి ఫ్రెండ్సు కొన్నది, వాడే పక్కన పెట్టేశాడు, నేనేం అనలేదు. మూడోది తీసుకున్నాం, మ్యాథ్స్, ఫిజిక్స్‌కి ఒక్కోటి. కెమిస్ట్రీకి ఏమీ కొనలేదు. పాత పేపర్లు పన్నెండు ప్రింట్ తీయించా. రెండు వేలలో ఇంకా మూడు వందలు మిగిలాయి.

మొన్న శనివారం మొదటి పేపర్ టైం పెట్టి రాయించా, నేనే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నా. 160కి 61. వాడి మొహం చూడాలి. తర్వాత విడగొట్టి చూస్తే తప్పు రాసినవి 60, అసలు ముట్టుకోనివి 39. నెగెటివ్ లేదు కదరా ఎందుకు వదిలేశావంటే "తెలియనివి ఎలా రాస్తాం" అంటాడు, వాడి నిజాయితీకి ఏం చెప్పాలో తెలీలేదు. నాలుగింట ఒకటి తగిలినా తొమ్మిది పది మార్కులు. తప్పుల నోట్‌బుక్ మొదలెట్టాడు, అరవైలో ఇరవై రెండు 'తొందరలో' అట.

ఇంకో సందేహం. ఫిబ్రవరి, మార్చి మొత్తం ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలే సరిపోతాయి. ఫస్టియర్ సగం మర్చిపోయానంటున్నాడు. ఇప్పటి నుంచి దాన్ని ఎక్కడ ఇరికించాలి? కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి ఐదున్నర.


మ్యాథ్స్_మాస్టారు:

61 అంటే మొదటిసారికి బాధపడాల్సిన పనే లేదమ్మా. అది సిలబస్ పూర్తికాని పిల్లవాడి మార్కు. అయితే ఇప్పుడే వారం వారం పూర్తి పేపర్లు పెట్టకండి, ఉన్న పన్నెండూ సంక్రాంతికే అయిపోతాయి, పైగా చదవని పాఠాల మీద పరీక్ష రాయించి నిరుత్సాహపరచడం తప్ప ఉపయోగం లేదు. నెలకి ఒకటి చాలు. మిగతావి ఐపీఈ తర్వాతికి దాచండి.

సాయంత్రం చదువులో కాలేజీలో ఆ రోజు జరిగిన పాఠానికే మొదటి స్థానం. అకాడమీ పుస్తకంలో సాధించిన సమస్యలు చేసి, వెంటనే అదే పాఠం మీద గైడ్‌లో పాతిక బిట్లు. ఐపీఈ వేరు, ఎంట్రన్స్ వేరు అని రెండు టైంటేబుళ్లు పెట్టుకుంటే రెండూ చెడతాయి. ఎల్లిప్స్ రోజున ఎల్లిప్సే, పెద్ద ప్రశ్నా అదే, బిట్లూ అవే.

ఫస్టియర్‌కి ఆదివారం ఉదయం నాలుగు గంటలు కేటాయించండి. పేపర్‌లో దాదాపు సగం దాని నుంచే వస్తుంది. అయితే వరసగా ప్రమేయాల నుంచి మొదలుపెట్టొద్దు. సెకండియర్‌తో ముడిపడినవి ముందు తియ్యాలి. అవకలనం రాకుండా సమాకలనం రాదు, సరళరేఖ రాకుండా వృత్తం రాదు. వీటిని సరిచేసుకుంటే రెండేళ్లూ ఒకేసారి కదులుతాయి. త్రికోణమితి సూత్రాలు మాత్రం వారంలో ఆరు రోజులూ, పొద్దున్నే పది నిమిషాలు, చూడకుండా ఒక కాగితం మీద రాయమనండి. రాని సూత్రం ఎదురుగా చుక్క పెట్టుకోవాలి, మర్నాడు దానితో మొదలు. రాసిన కాగితం చింపేయడమే, దాచుకోవక్కర్లేదు.

పబ్లిక్ పరీక్షలు అయిపోయిన మర్నాడు ఒక్కరోజు పూర్తిగా సెలవివ్వండి, క్రికెట్ ఆడుకోనివ్వండి. ఆ తర్వాత రోజు విడిచి రోజు ఒక పేపర్, అది కూడా వీలైతే అసలు పరీక్ష ఏ పూట పడే అవకాశం ఉందో ఆ వేళకే. మధ్య రోజంతా ఆ పేపర్‌లో తప్పులు. అధికారిక సైట్‌లో మాక్ టెస్టు ఉంటుంది, మీ ఊళ్లో నెట్ సెంటర్‌లో గంటకి డబ్బులిచ్చి రెండుసార్లయినా మౌస్‌తో రాయించండి. మా కాలేజీలో ఒక అబ్బాయికి కాగితం మీద 95 వచ్చేవి, స్క్రీన్ మీద ప్రశ్న చదివి రఫ్ కాగితం మీద చేసి మళ్లీ స్క్రీన్‌కి రావడం అలవాటు లేక మొదటి మాక్‌లో ఇరవై బిట్లు చూడనే లేదు.


లాంగ్‌టర్మ్_లో_ఉన్నా:

సార్ చెప్పిన 'చూడకుండా సూత్రాలు' నేనూ రేపటి నుంచి మొదలెడతా. అక్కా, మీ తమ్ముడు వదిలేసిన 39లో మ్యాథ్స్ ఎన్ని, కెమిస్ట్రీ ఎన్ని చూశారా? కెమిస్ట్రీవి ఎక్కువుంటే అది తెలియక కాదు, చివరికి టైం లేక. వరస మార్చి రాయించండి.


సూర్యాపేట_అక్క:

ఇప్పుడే ఫోన్ చేసి లెక్కపెట్టించా. మ్యాథ్స్ 11, ఫిజిక్స్ 7, కెమిస్ట్రీ 21. అంటే మ్యాథ్స్‌లోనే కూర్చుండిపోయాడు! వచ్చే పేపర్ కెమిస్ట్రీతో మొదలుపెట్టమని చెప్పా, "సరే" అన్నాడు కానీ మ్యాథ్సంటే వాడికి ఇష్టం, చూడాలి.


కోదాడ_పిల్ల:

అక్కా, మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను జేఈఈకి చదువుతున్నా. అటక మీద పెట్టిన ఆ పద్నాలుగు పుస్తకాలు ఇస్తారా? కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటా.


సూర్యాపేట_అక్క:

తప్పకుండా ఇస్తా చెల్లీ, మెసేజ్ పెట్టు. కొరియర్ ఎందుకు, సంక్రాంతికి వచ్చినప్పుడు కోదాడ బస్సులో వేసి పంపిస్తా, బస్టాండ్‌లో తీసుకో. కాకపోతే మొదటి రెండు చాప్టర్లు గీతలతో ఉంటాయి, మూడో చాప్టర్ నుంచి కొత్తవే.